రహీమా చేరిన గైడు

నేను పుట్టింది 1952లో, న్యూయార్క్‌లో. పేరు ‘ది అరేబియా ఆఫ్ ఇబ్న్ సౌద్’. అరాంకో చమురు కంపెనీలో చేరే అమెరికన్లకు సౌదీ అరేబియా సంగతులు చెప్పడం నా ఉద్యోగం. నన్ను రాసిన ముగ్గురిలో మాక్స్ స్టైనెకె భూగర్భ శాస్త్రవేత్త. 1938లో దమ్మామ్ ఏడో బావిలో చమురు పడిందంటే ఆయన పట్టుదల వల్లే. నేను అచ్చయిన ఏడాదే ఆయన పోయాడు.

రాస్ తనూరాలో, కంపెనీ వాళ్ల నజ్మా క్యాంపులోని ఓ ఇంటి అలమరలో నా కాలం చాలావరకు గడిచింది. 1939 మే 1న ఇబ్న్ సౌద్ రాజు స్వయంగా వాల్వు తిప్పి ‘డి.జి. స్కోఫీల్డ్’ ఓడకు చమురు వదిలిన రేవు ఈ రాస్ తనూరాయే. ఇంట్లో కాపురాలు మారాయి. నన్ను తెరిచినవాళ్లు తక్కువ.

చివరికి ఓ కుటుంబం సొంత దేశం వెళ్లిపోతూ నన్ను చెత్తపెట్టెలో వేసింది. రంగులేయడానికొచ్చిన జగిత్యాల కుర్రాడు బయటికి తీశాడు. ఇంగ్లీషు అతనికి అంతంతమాత్రం. నచ్చింది నా వెనక ఖాళీ పుటలు. పక్కనున్న రహీమా ఊళ్లోని తన రూముకు తీసుకుపోయి పెన్సిలు పట్టాడు. యల్లా అంటే పద. బుక్రా అంటే రేపు. ఫులూస్ అంటే పైసలు. ఇకామా, అంటే నివాస అనుమతి కార్డు, జేబులోంచి తీయొద్దు. ఎండాకాలం పగలు 12 నుంచి 3 దాకా ఎండలో పని చేయించొద్దని రూలుంది. కొత్తగా దిగినవాళ్లు “అన్నా, ఆ బుక్కోపాలి ఇయ్యరాదే” అని అడిగేవారు. స్టైనెకె రాతను ఎవరూ అడగలేదు, పాపం.

అక్కడే ఓ కాకినాడ ఇంజనీరు కంటపడ్డాను. ఆయనకు పాత గైడ్ల పిచ్చి. ముఖ్యంగా కాలిఫోర్నియా బంగారం వేటవి. అసలు ప్రతులు కొనే తాహతు లేక పునర్ముద్రణలతో సరిపెట్టుకుంటాడు. వాటిలో జోసెఫ్ వేర్ గైడు 1849లో సెయింట్ లూయీలో వెలువడింది. వేర్ కాలిఫోర్నియా దారి చూడకుండానే రాశాడు! అదే ఏడాది తానూ బయలుదేరి, జబ్బుపడి, తోటివాళ్లు వదిలేసిపోతే దారిలోనే చచ్చిపోయాడు. అలాంటి పలచటి పుస్తకాలు జేబుల్లో తడిసి, చిరిగి, మట్టిలో కలిశాయి. మిగిలిన కొన్నిటికే అంత ధర. బంగారం సంగతికొస్తే మాకూ చుట్టరికం ఉంది. 1933లో చమురు ఒప్పందం కింద సౌదీ ప్రభుత్వానికి జెద్దాలో 35,000 బంగారు సవరన్లు లెక్కపెట్టి ఇచ్చారు.

ఇంజనీరు నన్ను తిరగేసి, “తమ్ముడూ, ఈ రాతలే లేకపోతే మంచి రేటు వచ్చేదయ్యా” అన్నాడు.

“అవి లేకుంటే నేనెందుకు దాచుకుంట సార్?”

ఆయన కాసేపు ఏమీ అనలేదు. రబ్బరు మాత్రం ముట్టుకోలేదు. కొనుక్కున్నాక తన జాబితాలో నా అచ్చు పుటలకు ఒక్క వరుస, పెన్సిలు పుటలకు అర పేజీ రాసుకున్నాడు. ఇచ్చేముందు కుర్రాడు వాటిని ఫోన్‌లో ఫొటోలు తీశాడు. ఇప్పుడవి వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతున్నాయట, కింద ఎవరెవరో కొత్త సంగతులు చేరుస్తున్నారట. అవేమిటో నాకు చెప్పేవాళ్లు లేరు.