లక్నో సభకు సెషన్ పంపు విధము

కూర్చు సెషను నొకటి కొత్త పేరిడి పంపు
దేశదేశములను దిరిగి వెదకి
పేర్లు నలుగురివియుఁ బెట్టి గడువులోగ
మన్ను తవ్వునట్టి మాన్యమిత్ర!

టీక: మన్ను తవ్వునట్టి = చెరువు అడుగు బురదనో, గుహల నేలనో, ఏటిగట్టు ఒండ్రునో పొరపొరగా తీసి 25.8 లక్షల ఏళ్ళ క్వాటర్నరీ కాలమును చదువునట్టి; మాన్యమిత్ర = ఓ గౌరవనీయుడవైన స్నేహితుడా; దేశదేశములను తిరిగి వెదకి = ఖండములన్నిటను ఈమెయిలుతో గాలించి (కాలినడకన అని కాదు); నలుగురివియు పేర్లు పెట్టి = కన్వీనర్ల నామములను, వారు బదులిచ్చినను ఇవ్వకున్నను, చేర్చి; కొత్త పేరు ఇడి = పాత సంగతికే మరల బారసాల చేసి; సెషను ఒకటి కూర్చు = చర్చావేదిక నొకదానిని సమకూర్చుము; గడువులోగ = ఆఖరి రాత్రి; పంపు = పంపుము.

తాత్పర్యం: 1928లో పుట్టిన, క్వాటర్నరీ పరిశోధకుల అంతర్జాతీయ సంఘమైన ఇంక్వా వారి మహాసభ డబ్లిన్, రోమ్ దాటి 2027కు బీర్బల్ సాహ్ని పురాశాస్త్రాల సంస్థ ఉన్న లక్నోకు వస్తున్నది. అక్కడ తన సంగతి చర్చకు రావాలనుకున్నవాడు ముందే దానికో రూపమిచ్చి పంపవలెనని భావం.

విశేషాలు: పద్యమంతా 'కొత్త పేరిడి' అన్నచోటే ఉంది. ఉదాహరణకు, నంద్యాల జిల్లా జ్వాలాపురంలో, సుమత్రాలోని టోబా అగ్నిపర్వతం సుమారు 74 వేల ఏళ్ళ కిందట కక్కిన బూడిద పొరకు కిందా రాతి పనిముట్లు దొరికాయి, పైనా దొరికాయి. అక్కడి మనుషులు ఆ దెబ్బను తట్టుకున్నారా, పోయినవారి చోటికి వేరేవారు వచ్చారా అన్నది తగువు. 'జ్వాలాపురం బూడిద' అని పేరు పెడితే ఆ గుంటలో దిగినవారే వస్తారు. 'విపత్తులు, మానవుడు' అంటే హాలు నిండుతుంది గాని ఎవరి మాటా ఎవరికీ పట్టదు. 'టోబాకు ముందూ వెనుకా దక్షిణాసియా' అంటే బూడిద రసాయనం చూసేవారూ, పనిముట్లు చూసేవారూ, పుప్పొడి లెక్కపెట్టేవారూ ఒకే గదిలో పోట్లాడుకోవచ్చు. పోట్లాట లేని సెషన్‌కు ఏసీ దండగ అని ఈ వ్యాఖ్యాత మతం.

'నలుగురు' గౌరవార్థక బహువచనం. పనిచేసేది ఒకరే, తరచు పీహెచ్‌డీ ఇంకా పూర్తికానివారు; తక్కిన ముగ్గురూ అకర్మకాలు.

'గడువులోగ'కు 'గడువుపైన' అని పాఠాంతరం. గణాలు సరిపోతున్నాయి గనుక కొట్టిపారేయలేం. 18 లక్షల ఏళ్ళ దగ్గరున్న క్వాటర్నరీ ఆరంభ సరిహద్దును 2009లో 25.8 లక్షలకు జరిపించుకున్న శాస్త్రానికి గడువు ఒక పక్షం జరగడం లెక్కా?

ఇద్దరు ఒకే బూడిదపై పంపితే నిర్వాహకులు ఏకాదేశ సంధి చేస్తారు. శీర్షికలో 'మరియు' చేరుతుంది, కన్వీనర్లు ఎనిమిదిమంది అవుతారు, వేదిక మీద కుర్చీలు మాత్రం రెండే.