గడప దాటని లెక్క

నా పేరు కేవీఎం. ఒక్క సర్వర్‌ని ఎన్నో వర్చువల్ మెషీన్లుగా (వీఎంలుగా) పంచే లినక్స్ కెర్నల్ భాగాన్ని. అవీ కివిటీ అనే ఇంజినీరు 2006లో నన్ను రాయడం మొదలుపెట్టాడు. 2007 ఫిబ్రవరిలో వచ్చిన 2.6.20 వెర్షన్‌తో కెర్నల్‌లో నాకు చోటు దొరికింది. అంతకుముందే కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇదే పని చేసే జెన్ పుట్టింది. 2006లో ఈసీ2 అనే అద్దె సర్వర్ల సేవ మొదలుపెట్టినప్పుడు అమెజాన్ దాన్నే నమ్ముకుంది. 2017లో నైట్రో పేరుతో వచ్చిన కొత్త తరం మెషీన్లకి మాత్రం నా కోడే పునాది. గూగుల్ క్లౌడ్ వీఎంల కింద ఉన్నదీ నేనే.

ఒక్క సర్వర్ మీద పదుల వీఎంలని నడుపుతాను. అద్దెకి తీసుకున్నవాళ్లకి ఒక్కొక్కటీ ఒక పూర్తి కంప్యూటర్. నాకు మాత్రం ఒక్కో వీఎం ఒక ప్రాసెస్, దాని ఒక్కో వర్చువల్ సీపీయూ ఒక థ్రెడ్. లోపల చేయడానికి పనేమీ లేకపోతే వీఎంలోని ఓఎస్ హెచ్‌ఎల్‌టీ అనే ఇన్‌స్ట్రక్షన్ ఇస్తుంది. ప్రస్తుతానికి పని లేదని దానర్థం. మామూలుగా అయితే ఆ క్షణమే పగ్గాలు నా చేతికొస్తాయి. ఆ థ్రెడ్‌ని పడుకోబెట్టి, కోర్‌ని ఇంకొకరికి ఇస్తాను. నెట్‌వర్క్ నుంచి ప్యాకెట్ వచ్చినా, టైమర్ మోగినా మళ్లీ లేపుతాను. లేచి ఉన్నంతసేపూ కోర్ మీద ఎంత గడిపిందో నానోసెకన్లలో లెక్క పడుతూనే ఉంటుంది.

నిమిషం తేడాతో ఆ లెక్క రెండుసార్లు తీసుకుంటే చాలు. నాలుగు సీపీయూల వీఎంకి నిమిషంలో 240 సెకన్ల అవకాశం ఉంటుంది. అది 60 సెకన్లు వాడుకుంటే వాడకం 25 శాతం. వీఎంలోకి ఒక్క ఫైలు కూడా పంపక్కర్లేదు, దాని పాస్‌వర్డ్ ఎవరినీ అడగక్కర్లేదు. ఇంటి బయటి గోడకున్న కరెంటు మీటరు చూసి యూనిట్లు రాసుకున్నట్టే నా పని కూడా.

ఇదే లెక్క కోసం ఏజెంట్, అంటే వీఎం లోపలే ఉండి అంకెలు పంపే చిన్న ప్రోగ్రాం, పెట్టాలంటే ప్రతి వీఎంలోనూ ఇన్‌స్టాల్ చేయాలి, అనుమతులివ్వాలి, అప్‌డేట్లు చూసుకోవాలి. ఎప్పుడో పెట్టి మరిచిపోయిన, లాగిన్ ఎవరి దగ్గరా మిగలని పాత వీఎంలో ఆ పని చేసేదెవరు? పైగా లోపలి ఓఎస్ బిగుసుకుపోతే దానితోపాటే ఏజెంటూ మూగబోతుంది. నా లెక్క అప్పుడూ ఆగదు. వీఎంలోకి ఎవరూ లాగిన్ కాలేకపోతున్న వేళ, ఈ లెక్కతో గీసిన చార్టులో గీత 100 దగ్గర నిలబడి ఉందంటే, ఆ యంత్రం చచ్చిపోలేదు, లోపల ఏదో ఆగకుండా తిరుగుతోంది. ఈ ఒక్క సంగతి ముందే తెలిస్తే అర్ధరాత్రి డ్యూటీలో ఉన్నవాళ్లకి ఎంత వెతుకులాట తప్పుతుందో నేను చూశాను.

అయినా నా అంకెని నమ్మేవాళ్లకి దాని హద్దులు కూడా తెలియాలి. ఆ 25 శాతంలో నాలుగు సీపీయూలూ తలా పావు పనిచేశాయా, మూడు నిద్రపోతుంటే ఒక్కటే ఊపిరాడకుండా పనిచేసిందా? ఒక్కో థ్రెడ్ లెక్క నా దగ్గర విడిగా ఉంది. కానీ క్లౌడ్ చార్టులో సాధారణంగా కనిపించేది సగటే.

పరీక్షా ఫలితాలు పెట్టే ఒక వెబ్‌సైట్ వీఎం నా దగ్గర నడిచింది. ఫలితాలు వదిలిన మొదటి నిమిషం దాని సీపీయూ నిండిపోయింది. ఆ వెంటనే డేటాబేస్ కనెక్షన్లు అయిపోయాయి. వచ్చిన ప్రతి రిక్వెస్టూ వరసలో నిలబడిపోవడంతో సీపీయూకి పని లేకుండా పోయి 5 శాతానికి పడిపోయింది. పిల్లలు హాల్‌టికెట్ నంబరు కొట్టి తెల్లటి తెర చూస్తూ కూర్చున్నారు. ఈసీ2లో అదనంగా డబ్బు కట్టకపోతే లెక్క 5 నిమిషాలకోసారే వస్తుంది. కాబట్టి చార్టులో 24 అని ఒకే చుక్క పడింది. అది చూసి సర్వర్‌కి ఇంకా బోలెడు ఖాళీ ఉందనుకున్నారు. నిమిషం లెక్క పెట్టుకుని ఉంటే 100 నుంచి 5కి పడిన ఆ పాటు కనిపించేది, చూపు నేరుగా డేటాబేస్ మీదికి పోయేది. ఫలితాలూ టికెట్ల బుకింగూ లాంటి పనులకి నిమిషం లెక్క దండగ ఖర్చని నేననుకోను.

మెమరీ సంగతి నాకు అంతగా తెలియదు. వీఎం తీసుకున్న పేజీల్లో ఏది వాడుకలో ఉందో, ఏది ఊరికే పడి ఉందో దాని ఓఎస్‌కే తెలుసు. ఈసీ2 చార్టులు చూపే క్లౌడ్‌వాచ్‌లో సీపీయూ, నెట్‌వర్క్ అంకెలు వాటంతటవే వస్తాయి. మెమరీ, డిస్క్ నిండుదల కావాలంటే మాత్రం ఏజెంట్ పెట్టాల్సిందే. సీపీయూ అంకె కూడా ఒక్కోసారి అసలు పనిని చెప్పదు: డీపీడీకే అనే ప్యాకెట్ లైబ్రరీ వాడే ప్రోగ్రాములు ప్యాకెట్ కోసం నిద్రపోకుండా తిరుగుతూనే ఉంటాయి కాబట్టి, ట్రాఫిక్ లేకపోయినా అవి నడిచే సీపీయూలు నా లెక్కలో 100 శాతమే.

నాకు బాధ కలిగించేది ఇంకొకటుంది. సర్వర్ కిక్కిరిసినప్పుడు పని ఉన్న వీఎంని కూడా కోర్ కోసం ఆపుతాను. ఆ ఎదురుచూపు వాడకం కిందికి రాదు. చార్టులో 60 ఉంటుంది, లోపల మాత్రం పని ఈడ్చుకుంటూ నడుస్తుంది. అది తెలియాలంటే లోపలికెళ్లి టాప్ కమాండ్‌లో ఎస్‌టీ అనే గడి చూడాలి.

ఖాళీగా పడున్న వీఎంలని పట్టుకోవడానికీ నా అంకే ఆధారం. అమెజాన్ ట్రస్టెడ్ అడ్వైజర్ గత 14 రోజుల లెక్క తీసి, అందులో కనీసం 4 రోజులు సీపీయూ 10 శాతానికి, నెట్‌వర్క్ 5 ఎంబీకి మించకపోతే జాబితాలో పెడుతుంది. మంచి పనే. ఎవరికీ అక్కరలేని యంత్రానికి డబ్బూ కరెంటూ ఎందుకు? కానీ నెలంతా 2 శాతం దగ్గర ఉండి, ఆఖరి రోజు రాత్రి జీతాల లెక్కలు కట్టే వీఎం కూడా ఆ జాబితాలోకి రావచ్చు. తీసేసే ముందు పాత చార్టు తెరవండి. క్లౌడ్‌వాచ్‌లో 5 నిమిషాల లెక్కలు 63 రోజులు, గంట లెక్కలు 455 రోజులు దాచి ఉంటాయి. సగటు ఒక్కటే కాదు, గరిష్ఠం గీత కూడా పెట్టుకుని చూడండి. జీతాల రాత్రి అందులో కనిపిస్తుంది.