గట్టిగా పాడితే దగ్గరకొచ్చినట్టు

మా అపార్ట్‌మెంట్‌లో మనుషులకి పేర్లుండవు, నంబర్లుంటాయి. "రెండొందల మూడు కారు అడ్డం పెట్టారు", "నాలుగొందల ఒకటి వాళ్ళమ్మాయికి సంబంధం కుదిరిందట" అంటాం. నేను మూడొందల రెండు. ముప్ఫై నాలుగేళ్ళు లెక్కల మాస్టారుగా పనిచేసి రిటైరై, రాజమండ్రిలో ఈ నంబర్లో దిగాను. బతుకంతా అంకెలతో వేగినవాడు ఆఖరికి అంకెగా తేలడం న్యాయమే కదా అని సరిపెట్టుకున్నాను.

శివరాత్రి వెళ్ళిన ఆదివారం సెక్రటరీగారు తలుపు కొట్టారు.

"మాస్టారూ, శ్రీరామనవమికి పిల్లల చేత రామదాసు కీర్తనలు పాడించాలి. నేర్పే టీచరమ్మగారు పురిటికి వెళ్ళిపోయారు. ఇంకా నలభై రోజులదాకా ఉంది. మీరే పూనుకోవాలి."

"నాకు సంగీతం రాదు కదండీ."

"పిల్లల్ని కూర్చోబెట్టడం వచ్చుగా. అది వస్తే సంగీతం దానంతటదే వస్తుంది."

లోపల్నుంచి మా ఆవిడ అందుకుంది. "ఈయన పాడితే రాములవారు మళ్ళీ అడవులకి మూట కట్టుకుంటారు, అన్నయ్యగారూ!"

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. లెక్కల మాస్టారికి వచ్చే పౌరుషం ప్రమాదకరమైనది. వెంటనే ఒప్పుకున్నాను.

మొదటి ఆదివారం సెల్లారులో చాప పరిచి పద్నాలుగుమందిని కూర్చోబెట్టాను. కీర్తన జిరాక్సు తీయించి తలా ఒకటి ఇచ్చాను. "నేనొక ముక్క చెప్తాను, మీరు రెండుసార్లు అనండి." పిల్లలు రెండుసార్లు అన్నారు. మూడోసారి ఆవలించారు. నాలుగోసారికి జిరాక్సు కాగితాలు రాకెట్లై ఎగిరాయి. రామదాసుగారి సాహిత్యం నాలుగొందల మూడువారి కారు బానెట్ మీద వాలింది.

రెండు వారాల తర్వాత పరీక్ష పెట్టాను. లేచి పాడమంటే ఏం పాడుతున్నారో వినాలి కదా, అప్పటిదాకా నేను విననే లేదు. చక్రధరుడు "చక్కెర ధర" అయి కూర్చున్నాడు. పోనీ, అపార్ట్‌మెంటు పిల్లలకి దేవుడికన్నా సరుకుల ధరలే ఎక్కువ వినిపిస్తాయి. వారిజాక్షుడు "వారి జాకెట్టు" అయ్యాడు. ముకుందా అన్నచోట నాలుగొందల మూడువారి చిన్నది పక్కపిల్ల వైపు తిరిగి "ముక్కుందా?" అని సాగదీసి అడిగింది. ఆ పక్కపిల్ల ముక్కు పట్టుకుని చూసుకుని "ఉంది!" అంది. వెంటనే పద్నాలుగుమందీ ముక్కులు పట్టుకున్నారు.

బెత్తం ఉన్న రోజులైతే అక్కడే తేల్చేవాణ్ణి. బెత్తం లేదు కాబట్టి ఆలోచించాల్సి వచ్చింది. ఆలోచిస్తే ఒక సంగతి తట్టింది. పాట మొత్తమ్మీద ఏ ఒక్కరూ మర్చిపోని మాట అదొక్కటే.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. నాకు పాటలెవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు. కోనసీమలో మా ఊరి రామాలయంలో శనివారం రాత్రి భజన జరిగేది. పెద్దలు చిడతలు, తాళాలు పట్టుకుని గరుడస్తంభం చుట్టూ అడుగులేసేవారు. మేం ప్రసాదంలో పెట్టే అటుకులూ బెల్లం కోసం వెళ్ళి, ఇచ్చేదాకా ఖాళీగా ఉండలేక వాళ్ళ వెనకాల గంతులేసేవాళ్ళం. పాట ఎప్పుడు ఎక్కిందో తెలీదు, కాళ్ళలోంచి ఎక్కింది. ఎక్కాలూ అంతే. బళ్ళో గుంపుగా ఊగుతూ పాడిన పదహారో ఎక్కం ఇప్పటికీ అర్ధరాత్రి లేపి అడిగినా తడుముకోకుండా చెప్తాను. ఊగకుండా చదివిన పైథాగరస్ సిద్ధాంతాన్ని మాత్రం ముప్ఫై నాలుగేళ్ళూ పుస్తకంలో చూసి చెప్పాను. ఈ మాట మీలో ఉంచుకోండి.

మర్నాటినుంచి చాప తీసేశాను. సెల్లారు నేల మీద సుద్దముక్కతో ఎనిమిది గళ్ళ తొక్కుడుబిళ్ళ గీశాను. ఒక్కో గడిలో పాటలోని ఒక్కో ముక్క రాశాను. ఒంటికాలి మీద గెంతుతూ ఏ గడిలో దిగితే ఆ ముక్క పాడాలి, తప్పితే అవుటు. రెండురోజుల్లో పాట సగం వచ్చేసింది. మూడోరోజు ఐదొందల ఒకటిలో ఉండే పెద్దాయన దిగొచ్చారు.

"ఏమిటిది మాస్టారూ! రాముడి నామం నేల మీద రాసి కాళ్ళతో తొక్కిస్తారా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన చెప్పిందీ నిజమే, చిన్నప్పుడు పుస్తకానికి కాలు తగిలితే కళ్ళకద్దుకున్నవాణ్ణి నేనూ. నీళ్ళు పోసి కడిగేశాను. తర్వాత లెక్కల బుర్ర పనిచేసింది. గళ్ళలో అక్షరాలు తీసేసి అంకెలేశాను. ఒకటో అంకె మీద పడితే ఒకటో ముక్క. అంకెని తొక్కితే ఏ దేవుడికీ కోపం రాదు. నాకు తప్ప.

అంకెలు రావడంతో ఆట ఇంకా చిక్కబడింది. వేదం చెప్పుకునేవాళ్ళలో ఘనపాఠం అని ఉంది. రెండు మాటలు తీసుకుని ముందుకీ వెనక్కీ తిప్పి, మూడోది కలుపుతారు. ఒకటి రెండు, రెండు ఒకటి, ఒకటి రెండు మూడు, మూడు రెండు ఒకటి, మళ్ళీ ఒకటి రెండు మూడు. ఆ తర్వాత రెండోదాన్నుంచి మొదలు. పుస్తకం ముట్టకుండా ఒక్క స్వరం జారకుండా వేల ఏళ్ళు నిలబెట్టిన పద్ధతి అది. సంగీతంలో పురందరదాసు వేసిన దారి అని చెప్పుకునే సరళీ వరసలూ జంట వరసలూ చూడండి. ఉన్నవి ఏడు స్వరాలే. వాటినే తిప్పి, జంట కట్టి, ఏడాది పొడుగునా నమిలిస్తారు. పునశ్చరణని విసుగు లేకుండా చేయించడం ఎలాగో మన పెద్దలకి తెలుసు. మనమే జిరాక్సు తీసి పాడుచేశాం.

ఘనపాఠం లెక్కలో గళ్ళు గెంతమన్నాను. "డాన్సు స్టెప్పు భలే ఉంది తాతగారూ" అన్నారు. వేదపండితులెవరూ చుట్టుపక్కల లేరని నిర్ధారించుకుని ఊరుకున్నాను.

అసలు చిక్కు నగల కీర్తనతో వచ్చింది. రామదాసు, అంటే కంచర్ల గోపన్న, పాల్వంచ తహశీల్దారుగా ఉండి, వసూలైన పన్ను సొమ్ముతో భద్రాచలంలో రాముడికి గుడి కట్టించి, తానీషా ఆగ్రహానికి గోల్కొండ చెరలో పడ్డాడు కదా. అక్కడ కూర్చుని రాముడికే లెక్క అప్పజెప్పిన పాట అది. ప్రాకారాలు, భరతుడికి పచ్చల పతకం, శత్రుఘ్నుడికి మొలతాడు, సీతమ్మకి చింతాకు పతకం, రాముడికి కలికితురాయి. దేనికెంత ఖర్చయిందో చెప్పి, సొమ్మెవరిదనుకున్నావని దేవుణ్ణి గదమాయిస్తాడు. తర్వాత, తిట్టానని ఏమీ అనుకోకు, దెబ్బలకి ఓర్వలేక నోరు జారానంటాడు.

ఏ నగ తర్వాత ఏ నగో పిల్లలకి గుర్తుండేది కాదు. భరతుడి పతకం శత్రుఘ్నుడి మెళ్ళో పడేది. మొలతాడు ఒకసారి సీతమ్మ దాకా వెళ్ళింది. నల్లబల్ల మీద పద్దు గీశాను. ఎవరికి, ఏం చేయించారు, ఎంతయింది? పాడుతూ నింపండి, ఆఖర్న కూడండి అన్నాను. రెండొందల ఐదు ఆడిటరుగారి పుత్రరత్నం, ఆరో తరగతి, లేచి నిలబడ్డాడు.

"మాస్టారూ, ప్రాకారానికీ పదివేలే, మొలతాడుకీ పదివేలేనా?"

"అవును."

"ఈ బిల్లు పాసవదండీ. పైగా ఒకచోట వరహాలంటారు, ఇంకోచోట మొహరీలంటారు. రెండూ కలిపి ఎలా కూడతాం? ముందు మార్చాలి కదా?"

తానీషా కొలువులో ఇలాంటి గుమాస్తా ఒకడుండే ఉంటాడు. లేకపోతే గోపన్నకి అన్నేళ్ళ చెర పడదు. అయితే నా లాభం నాకు దక్కింది. బిల్లు తప్పని నిరూపించడానికి రెండొందల ఐదు ఆ పాటని వారంలో నలభైసార్లు పాడాడు. వాడి వాదం ఖండించడానికి మిగతా పదముగ్గురూ పాడారు.

ఐదొందల ఒకటిగారు మాత్రం మెత్తబడలేదు. "పాటంటే శ్రద్ధగా కూర్చుని పుస్తకం చూసి నేర్చుకోవాలండీ. ఈ గెంతులేమిటి?" అన్నారు. ఆయనకి అన్నమయ్య సంగతి గుర్తుచేశాను. 1503లో ఆయన పోయాక కొడుకులూ మనవళ్ళూ కీర్తనల్ని రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుళ్ళో భద్రపరిచారు. అంతకన్నా గట్టి పుస్తకం ఎవరు వెయ్యగలరు? ఆ రేకులు శతాబ్దాల తర్వాత గత శతాబ్దంలో మళ్ళీ వెలుగు చూశాయి. మాటలున్నాయి, రాగం పేర్లున్నాయి. ఎలా పాడేవారో మటుకు లేదు. మధ్యలో పాడే నోళ్ళు ఆగిపోయాయి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారు, నేదునూరి కృష్ణమూర్తిగారు లాంటి మహానుభావులు కూర్చుని మళ్ళీ వరసలు కట్టాల్సి వచ్చింది. రామదాసుకి రాగిరేకులు చెక్కించినవాళ్ళు లేరు. ఊరూరా రామాలయాల్లో తాళాలు కొట్టుకుంటూ, అటుకుల కోసం గెంతే పిల్లకాయలతో సహా, జనం నోళ్ళలో పెట్టుకున్నారు. ఆ పాటల్లో ఎన్నో వరసలతో సహా మనదాకా చేరాయి.

"రాగి కన్నా నోరు గట్టిదంటారు," అన్నారాయన.

"గెంతే కాళ్ళు ఇంకా గట్టివంటాను."

"హు" అని మెట్లెక్కి వెళ్ళిపోయారు. లిఫ్టు ఉండగా మెట్లెక్కడం ఆయన కోపానికి గుర్తు.

ఆఖరి వారం పునశ్చరణకి కొత్త ఆట పెట్టాను. ఒకడి చేత కళ్ళు మూయించి, అసోసియేషనువారి హారతి గంటని ఎక్కడో దాస్తాం. వాడు వెతకాలి. గంటకి దూరంగా ఉంటే మిగతావాళ్ళు గుసగుసగా పాడతారు, దగ్గరకెళ్ళేకొద్దీ గొంతు పెంచుతారు. ఒకటే నియమం: ఎక్కడుందో నోటితో చెప్పకూడదు, పాడే చెప్పాలి. ఈ ఆటలో పాట ఎన్నిసార్లు తిరుగుతుందో లెక్కే ఉండదు. లెక్కల మాస్టారిని, నేనే లెక్కపెట్టలేకపోయాను.

నవమి ముందురోజు సాయంత్రం గంట దాచే వంతు నూటనాలుగుది, ఐదేళ్ళవాడు. దాచాడు. వెతికేవాడు మొదలెట్టేలోపు కరెంటు పోయింది. తల్లులు పైనుంచి కేకలేశారు. అందరూ చెల్లాచెదురయ్యారు.

మర్నాడు సెల్లారంతా పందిరి, మామిడి తోరణాలు, బిందెలో పానకం, బేసిన్లో వడపప్పు. పట్టులంగాలు, పంచెలు కట్టిన నా పద్నాలుగుమందీ మైకు ముందు నిలబడ్డారు. నిలబడ్డారంతే. మైకు కుయ్యిమంది. పద్నాలుగు కరెంటు స్తంభాల్లో ఒక్కదానికీ సప్లై లేదు. నాలుగొందల మూడు ఒక్కతే ధైర్యం చేసి ముక్కు పట్టుకుంది. మా ఆవిడ నావైపు చూసి, జాలిపడి, చూపు తిప్పుకుంది. ఐదొందల ఒకటిగారు చూపు తిప్పుకోలేదు.

"పిల్లలు కదా, పర్వాలేదు" అంటూ సెక్రటరీగారు దింపేశారు. కల్యాణం జరిగింది. తలంబ్రాలు పడ్డాయి. పంతులుగారు హారతి వెలిగించి కుడిచెయ్యి చాచారు.

"గంటేదీ?"

వెతుకులాట మొదలైంది. నా వెన్నులో చలి పాకింది. నూటనాలుగుగాణ్ణి పట్టుకుని "ఒరే, ఎక్కడ దాచావురా?" అన్నాను.

వాడు గట్టిగా తల అడ్డంగా ఊపాడు. "చెప్పకూడదు తాతగారూ. పాడాలి."

అని, సన్నగా, గుసగుసగా ఎత్తుకున్నాడు. రెండో గొంతు కలిసింది, మూడోది కలిసింది. పద్నాలుగుమందీ మైకు సంగతి మర్చిపోయారు. పంతులుగారు పీటల కింద చూస్తుంటే పాట చీమ నడిచినట్టుంది. పానకం బిందె వైపు నడిచారు, కొంచెం పెరిగింది. "అదేమిటి, నేను కదిలితే పాట పెరుగుతోంది?" అని ఆగారు. పాటా ఆగినంత పనైంది. వెనక్కి వెళ్ళారు, తగ్గింది. ముందుకొచ్చారు, పెరిగింది. ఆయనకి అర్థమైంది. యాభైయేళ్ళ మనిషి, పళ్ళెంలో కర్పూరం వెలుగుతుండగా, పిల్లల గొంతు పట్టుకుని ఒక్కో అడుగే వేస్తూ సెల్లారు మూలకి నడిచారు. ప్రాకారం అయింది, పచ్చల పతకం అయింది, మొలతాడు శత్రుఘ్నుడికే చేరింది. పంచిపెట్టడానికి తెచ్చిన విసనకర్రల గోనెసంచి దగ్గరికి వచ్చేసరికి పందిరి ఎగిరిపోయేలా పాడుతున్నారు. ఒక్క ముక్క తప్పలేదు. పెద్దవాళ్ళు కూడా ఎప్పుడు కలిశారో కలిశారు. అందరికన్నా గట్టిగా వినిపిస్తున్న బొంగురు గొంతు ఎవరిదా అని చూస్తే, చప్పట్లు కొడుతూ ఐదొందల ఒకటిగారు.

పంతులుగారు సంచిలో చెయ్యి పెట్టి గంట బయటికి తీశారు. మోగించి హారతి ఇచ్చారు. కళ్ళకద్దుకోవడానికి జనం ముందుకు తోసుకుంటుంటే, నూటనాలుగుగాడు ఆయన పంచె పట్టుకుని లాగాడు.

"అవుటు కాలేదండీ మీరు. ఇప్పుడు మీ వంతు, దాయండి."