కుట్ర కథకు శుభం కార్డు పడకుండా చూసుకోవడం ఎలా?

మీ దగ్గర ఒక శవం ఉంది. దాని జేబులో ఎవరికీ అర్థంకాని చీటీ ఉంది. ఎదుటి మేడ మీంచి ఇదంతా చూస్తున్న కళ్లజోడు మనిషి ఒకడున్నాడు. ఎనిమిది ఎపిసోడ్లకు డబ్బు పెట్టేవాళ్లు కూడా దొరికారు. ఇక మీకు కావలసింది గుండె నిబ్బరం. ఆ చీటీలో ఏముందో మీకే తెలియదన్న సంగతి ముఖంలో కనబడకుండా తిరగగలగాలి.

మొదలుపెట్టడం గురించి పాఠం అక్కర్లేదు. ప్రశ్న వేయడానికి పైసా ఖర్చు లేదు. 2004లో 'లాస్ట్' సీరియల్ వాళ్లు విమానాన్ని ఎండలు మండే ద్వీపం మీద కూల్చి, ఆ అడవిలోకి మంచు ఎలుగుబంటిని తోలారు. ఆ తర్వాత 4, 8, 15, 16, 23, 42 అని ఆరు అంకెలు వదిలారు. జనం నిజం లాటరీల్లో కూడా అవే అంకెలు కట్టారు. మీరూ అంకెలు వదలండి. అంకె కనబడితే చాలు, వెనకాల ఏదో లెక్క ఉందని చూసేవాడు నమ్ముతాడు. లెక్క చేసుకునే కష్టం కూడా వాడే పడతాడు.

తర్వాతది నిదానం. మన టీవీ సీరియల్లో అత్తగారి ముఖాన్ని మూడు వైపుల నుంచి చూపిస్తే జీడిపాకం అని తిడతారు. అదే ముఖాన్ని నీలం వెలుతురులో, సంగీతం లేకుండా, నిమిషంన్నరసేపు చూపిస్తే 'స్లో బర్న్' అని మెచ్చుకుంటారు. మీ కథానాయకుడు ఫైలు తెరవాలి, మూయాలి, కిటికీ దాకా వెళ్లాలి, వెనక్కి రావాలి. మాట మాత్రం ఆడకూడదు. ఆడితే కథ కదులుతుంది.

ఇంతలో ఎవరో ఒకరు జవాబు అడుగుతారు. అప్పు తీర్చలేనివాడు ఏం చేస్తాడో మీరూ అదే చేయండి, వాయిదా అడగండి. ఈ విద్యలో గురుపీఠం 'ఎక్స్-ఫైల్స్'ది. 1993లో మొదలై, తొమ్మిది సీజన్లు నడిచి, 2002లో నిజం చెప్పేస్తామంటూ కథానాయకుణ్ణి సైనిక విచారణలో నిలబెట్టారు. సాక్షులు ఒక్కొక్కరే వచ్చి తొమ్మిదేళ్ల కుట్రను ఏకరువు పెట్టారు. బదిలీ మీద వెళ్లే గుమాస్తా కొత్తవాడికి ఫైళ్లు అప్పజెప్పినట్టుంటుంది ఆ భాగం. చివరికి తేలిందేమంటే, గ్రహాంతరవాసుల దండయాత్ర 2012 డిసెంబరు 22న. ఆ తేదీ వచ్చింది, వెళ్లింది. 2016లో మళ్లీ తెరమీదికొచ్చి, ఆ సీజన్ను ప్రపంచం మీద మహమ్మారి వదిలి ముగించారు. 2018లో తిరిగొచ్చి, ఆ మహమ్మారంతా కథానాయిక స్కల్లీకి కనిపించిన దర్శనం మాత్రమేనన్నారు. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నవాడికి కూడా ఇంత ధీమా ఉండదు.

జవాబు ముందే చెప్పేద్దామా అని మాత్రం ఆలోచించకండి. 'ట్విన్ పీక్స్' వాళ్లు చానల్ ఒత్తిడికి లొంగి రెండో సీజన్ మధ్యలోనే హంతకుణ్ణి చూపించారు. చూసేవాళ్లు లేచిపోయారు. వాళ్లను తప్పుపట్టలేం. పెళ్లిలో భోజనాలయ్యాక ఎవరు కూర్చుంటారు?

వాయిదాలు కూడా చెల్లనిచోట దీపం ఆర్పేయడమే దారి. 'సేక్రెడ్ గేమ్స్' గుర్తుందా? 2018లో గాయ్‌తోండే అనే ముఠా నాయకుడు సర్తాజ్ అనే పోలీసుకు ఫోన్ చేసి, 25 రోజుల్లో ముంబై పోతుందన్నాడు. 2019 ఆగస్టు 15న రెండో సీజన్ వచ్చింది. మా బాబాయి ఆ రాత్రే మొత్తం చూసేద్దామని కూర్చున్నాడు, పక్కన మరమరాల డబ్బా పెట్టుకుని. తెల్లవారుతుండగా ఆఖరి భాగం. సర్తాజ్ ముందు అణుబాంబు, దాన్ని ఆపే గీత గీయడానికి మిగిలింది ఒకే ఒక్క అవకాశం. గీశాడు. తెర నల్లబడింది. బాబాయి మొదట ఫ్యాను వైపు చూశాడు, తిరుగుతూనే ఉంది. కరెంటు పోలేదు. రిమోట్‌ను అరచేతి మీద రెండుసార్లు కొట్టాడు. ఇంతలో పేర్లు పడటం మొదలైంది. "ఏమేవ్, ముంబై ఉందంటావా?" అని పిన్నిని లేపి అడిగాడు. మూడో సీజన్ రాలేదు. బాబాయి లెక్కలో ఆ నగరం ఇప్పటికీ అటూ ఇటూ కాకుండానే ఉంది. ఏళ్లు గడిచినా ఆయన దాని గురించే మాట్లాడుతున్నాడంటే, ఆ రచయితలు గెలిచినట్టే కదా.

ఇక చేయకూడని పనుల గురించి కాస్త నిదానంగా చెప్పాలి.

2010లో ఏఎంసీ చానల్లో 'రూబికాన్' అని ఒకటొచ్చింది. న్యూయార్క్‌లో ఒక గూఢచార విశ్లేషణ సంస్థ. తుపాకులుండవు, కారు ఛేజింగులుండవు. నిద్రలేని మనుషులు కాగితాలు చదువుతూ ఉంటారు. మొదటి సీన్లో ఒక ధనికుడు పేపరు తెరిస్తే అందులో నాలుగు దళాల క్లోవర్ ఆకు. చూడ్డానికి మన పులిచింతాకులా ఉంటుంది, అక్కడివాళ్లకు అదృష్ట చిహ్నం. అది చూసి ఆయన తుపాకీతో కాల్చుకుంటాడు. పత్రికల గళ్లనుడికట్టుల్లో ఏదో సంకేతం ఉందని విల్ ట్రావెర్స్ అనే కుర్రాడు కనిపెడతాడు. అది విన్న గురువు రైలు ప్రమాదంలో పోతాడు. 13 అంటే హడలిపోయే ఆ మనిషి బండి 13వ నంబరు స్థలంలో ఆపి ఉంటుంది. అదీ అనుమానానికి మొదలు. అంతకన్నా పెద్ద చప్పుడు లేదు. నాకు తెలిసి అనుమానం అంటే అదే, గడప దగ్గర చెప్పులు తిరగేసి ఉన్నట్టు.

వీళ్లు చేసిన తప్పు చూడండి. 13 భాగాల్లోనే కుట్ర ఏమిటో చెప్పేశారు. చిన్ననాటి నుంచీ స్నేహితులైన కొందరు పెద్దమనుషులు కూడబలుక్కుని, దేశాలను యుద్ధాల వైపు నెట్టి లాభం చేసుకుంటారు. అంతే. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టుందని అప్పట్లో సణిగినవాళ్లున్నారు. కానీ ఆఖర్న ఆ పెద్దమనుషుల్లో ఒకడైన గూఢచార సంస్థ పెద్దాయనకే క్లోవర్ ఆకు అందుతుంది. మేడ మీద విల్ ఎదురుపడతాడు. అంతా రాసి బయటపెడతానంటాడు. పెద్దాయన బెదరడు, బతిమాలడు. పెట్టుకో, చదివి పట్టించుకునేవాడెవడు అన్నట్టు మాట్లాడతాడు. నేనా రాత్రి నిద్రపోలేదు. రహస్యం బయటపడ్డాక కూడా వాడికి ఏమీ కాదని, చూస్తున్న నాకు అంతకుముందే తెలుసు కదా. చానల్ రెండో సీజన్ ఇవ్వలేదు. చూశారుగా, ముగింపు ఇస్తే ఏమవుతుందో!

ఇలాంటి ప్రమాదమే మన దగ్గరా ఒకటి జరిగింది. కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడన్న ప్రశ్న 2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా ఊళ్లేలింది. ఎన్ని సీజన్లు లాగొచ్చు దాన్ని! తీరా చూస్తే తండ్రీకొడుకుల కుట్ర నమ్మి ఒక తల్లి ఆజ్ఞ ఇచ్చింది, సింహాసనానికి కట్టుబడ్డవాడు కత్తి ఎత్తాడు. రెండు ముక్కల్లో చెప్పొచ్చు. అయినా డబ్బు వాపసు ఇమ్మని ఎవరూ అడగలేదు. ఎందుకంటే వాడు కట్టుబానిస అని మొదటి భాగంలోనే చెప్పి ఉంచారు. జవాబు ముందే కళ్లెదుట పెట్టడం ఎంత మోటు పద్ధతో ఆలోచించండి. జర్మన్ వాళ్ల 'డార్క్' ఇంకా అన్యాయం. మూడు సీజన్లకే కట్టేసి, 26 భాగాల కాలచక్రానికంతటికీ మూలం ఒక గడియారాలవాడి పుత్రశోకం అన్నారు. అంత పెద్ద మర్రికి అంత చిన్న విత్తనమా అని మీ నిర్మాత అడిగితే ఏం చెబుతారు?

చివరగా, ప్రేక్షకుల్లో మా పెద్దమ్మ లాంటివాళ్లుంటారు, వాళ్లతో జాగ్రత్త. వారపత్రికలో సీరియల్ పేజీలు చింపి, దబ్బనంతో కుట్టి, క్యాలెండర్ కాగితం అట్ట వేసేది. అందులో ఒక డిటెక్టివ్ నవలకు ఆఖరి వారం లేదు. ఆ సంచిక పక్కింటావిడ చదివి ఇస్తానని పట్టుకెళ్లి పోగొట్టింది. సశేషం దగ్గర పుస్తకం అయిపోతుంది. వేసవి సెలవుల్లో పిల్లలం చుట్టూ చేరి అడిగితే వత్తులు చేసుకుంటూ ముగింపు తనే చెప్పేది. ఒక ఏడు హంతకుడు డాక్టరు. మరుసటి ఏడు డాక్టరు తమ్ముడు.

"పోయినేడు డాక్టరన్నావుగా పెద్దమ్మా?"

"పోయినేడు మీకు చెప్పేశానుగా, వాడు జాగ్రత్తపడ్డాడు."