చివరి ఆయకట్టులో సౌండ్ కార్డు

గేమింగ్ కంప్యూటర్ సొంతంగా బిగించుకుందామనుకునే వాళ్లకు నా మొదటి సలహా: మదర్‌బోర్డు పెట్టె అడుగున పడుకున్న చిన్న పుస్తకాన్ని నిద్ర లేపకండి. ఏ స్లాట్ నింపితే ఏది ఆగిపోతుందో చెప్పే పట్టిక ఒకటి అందులో ఉంటుంది. అది ముందే చదివేస్తే, రాత్రి రెండింటికి క్యాబినెట్ మూత తీసి టార్చిలైటు నోట కరుచుకుని కూర్చునే యోగం మీకు దక్కదు.

నాకు దక్కింది. నాది బీ550 బోర్డు, రైజెన్ 5 5600 ప్రాసెసర్. పండగ బోనస్‌తో రెండో ఎన్‌వీఎంఈ కొని, ఖాళీగా ఉన్న ఎం.2 స్లాట్‌లో బిగించాను. కొత్తది కనబడింది, పాత సాటా హార్డ్ డిస్కు మాయమైంది. కేబుల్ మార్చాను, పవర్ వైరు మార్చాను, చివరికి డిస్కు చెవి దగ్గర పెట్టుకుని తిరుగుతోందో లేదో విన్నాను. మా ఆవిడ గుమ్మంలోంచి, "పోయినవి మన పెళ్లి ఫొటోలేనా? మీ గేములు మాత్రం భద్రంగా ఉన్నాయా?" అంది. తెల్లవారుజామున పుస్తకం తెరిస్తే, రెండో ఎం.2 వాడితే 5, 6 నంబర్ల సాటా పోర్టులు పనిచేయవని ఉంది. చీమ తలకాయంత అక్షరాల్లో. కేబుల్ తీసి 2వ పోర్టులో గుచ్చాను. అంతే.

కథంతా లేన్లది. ప్రాసెసర్‌ని ఆనకట్ట అనుకోండి. నా దాంట్లోంచి 24 కాలువలు బయల్దేరతాయి. 16 గ్రాఫిక్స్ కార్డుకి, 4 మొదటి ఎం.2కి, మిగిలిన 4 చిప్‌సెట్‌కి. రెండో ఎం.2, రెండో పొడుగు స్లాట్, సాటా, నెట్‌వర్క్, యూఎస్‌బీల్లో చాలా భాగం, ఇవన్నీ చిప్‌సెట్ వెనకున్న చివరి ఆయకట్టు. అందరికీ తూము ఒక్కటే. బీ550లో దాని వెడల్పు పీసీఐఈ 3.0 వేగంతో నాలుగు లేన్లు, అంటే సెకనుకు సుమారు 3.9 జీబీ. మన కాలువల కింద చివరి రైతు బాధేమిటో తెలిసినవాడికి ఇంతకుమించి చెప్పక్కర్లేదు.

కాబట్టి రెండో సలహా: దొరికినవన్నీ ఆ తూము కిందే పెట్టండి. 4కే వీడియోని సెకనుకు 60 ఫ్రేముల చొప్పున కుదించకుండా పట్టే క్యాప్చర్ కార్డు సెకనుకు 750 ఎంబీ దాకా తాగుతుంది. పక్కనే ఎన్‌వీఎంఈ 3,500 ఎంబీ లాగితే మొత్తం 4,250. తూము చాలదు. గొడవ మొదలు! అదీ మీ గేమ్ నిజంగా అంత వేగంతో ఫైళ్లు చదివితేనే. సాధారణంగా చదవదు. అందరూ ఒకే గంటలో మడి తడపరు గనకే ఊళ్లో తలకాయలు పగలకుండా ఉన్నాయి. కానీ లెక్క వేశాక భయపడకపోతే లెక్కకి మర్యాదేముంది?

అన్నిటికంటే ఎక్కువగా సౌండ్ కార్డు గురించి దిగులుపడండి. 24 బిట్, 192 కిలోహెర్ట్జ్ స్టీరియో పాట సెకనుకు 1.2 ఎంబీ కూడా తీసుకోదు. ఒక్క పీసీఐఈ 3.0 లేన్ 985 ఎంబీ మోస్తుంది. చెరువులో చెంబు ముంచడమన్నమాట. అయినా సరే, పై స్లాట్ దానికే ఇచ్చి గ్రాఫిక్స్ కార్డుని కింది స్లాట్‌లోకి దించండి. రెండు స్లాట్లూ చూడటానికి ఒకే పొడుగు. టార్చి వేసి చూస్తే మాత్రం చాలా బోర్డుల్లో కిందిదానికి సగం దాకా కూడా బంగారు పళ్లుండవు. పేరుకి పదహారు, పారేది నాలుగు.

గ్రాఫిక్స్ కార్డు దగ్గర పట్టుదల ఇంకా ముఖ్యం. 16కి బదులు 8 లేన్లు వచ్చాయని తెలిస్తే అన్నం మానేయండి. పీసీఐఈ 4.0లో 8 లేన్ల మీద ఆర్‌టీఎక్స్ 4090 అంతటిది కూడా గేముల్లో ఒకటి రెండు శాతమే తగ్గుతుంది. మీ 4060కైతే పుట్టుకతోనే ఎనిమిది. నిజంగా ఏడవాల్సిన చోటు మరొకటుంది, అక్కడ ఎవరూ ఏడవరు. చవగ్గా వస్తుందని చివర 'జీ' ఉన్న 5600జీ కొంటారు. అది పీసీఐఈ 3.0 దగ్గరే ఆగిపోతుంది. దానికి ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ జోడిస్తారు. ఆ కార్డుకి ఉన్నవే నాలుగు లేన్లు. దాని 4 జీబీ మెమరీ నిండిన క్షణం నుంచి పొంగిందంతా ఆ సన్న కాలువలోనే పారాలి. గేమ్ నత్తి పడుతుంది. దోషం మాత్రం ఇంటర్నెట్ మీదకి పోతుంది.

జీపీయూ-జెడ్ తెరిచే పద్ధతీ చెప్పాలి. గేమ్ ఏదీ నడవనప్పుడే తెరవండి. '4.0' ఉండాల్సిన చోట '1.1' కనబడుతుంది. వెంటనే కార్డు పెట్టెలో పెట్టుకుని సికింద్రాబాద్ సీటీసీకి ఆటో ఎక్కండి. పని లేనప్పుడు కరెంటు ఆదాకి లింక్ వేగం తగ్గించుకుంటుందనీ, పక్కనున్న ప్రశ్నార్థకం నొక్కి కార్డుకి పని పెడితే అంకె మళ్లీ లేస్తుందనీ దారిలో ఎవరైనా చెప్పబోతే వినకండి. ఆటో డబ్బులు వృథా అవుతాయి.

ఇంత పంపకం చేశాక నా కొత్త గ్రాఫిక్స్ కార్డు వచ్చింది. మూడు స్లాట్ల మందం. దాని పొట్ట కింద చిన్న స్లాట్ కనబడకుండా పోయింది. లేన్ ఉంది, నీళ్లున్నాయి, పొలంలోకి దిగే దారే లేదు. సౌండ్ కార్డు ఇప్పుడు బీరువాలో ఉంది, మా ఆవిడ ఆ మర్నాడే అచ్చు వేయించిన పెళ్లి ఆల్బమ్ పక్కన.