ప్యాకేజీ పిన్ని

మా కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్లో ఎవరింట్లో ఏ కూర వండారో పిన్నికి తెలియకపోవచ్చు. ఎవరి థైరాయిడ్ అంకె, అదే టీఎస్‌హెచ్, ఎంతో మాత్రం దశాంశ స్థానాలతో సహా తెలుసు.

వయసు 51. సొంతూరు భీమవరం. చదివింది బీకాం. వైద్యం చదువుకోలేదన్న లోటు ఆమెకు లేదు, మనకే. రిపోర్టు చేతికిస్తే చదవదు. లావుగా అచ్చయిన అంకెల కోసం వెతుకుతుంది. పక్కన ‘హెచ్’ అని ఉంటే నాలుక చప్పరిస్తుంది, ‘ఎల్’ అని ఉంటే నిట్టూరుస్తుంది, రెండూ లేకపోతే ల్యాబ్‌ను అనుమానిస్తుంది.

జుట్టు రాలితే థైరాయిడ్. ఒళ్లు పెరిగితే థైరాయిడ్, తగ్గితే మరీ థైరాయిడ్. నాలుగో అంతస్తు కుర్రాడికి ఎప్‌సెట్‌లో ర్యాంకు రాకపోతే వాళ్లమ్మకు థైరాయిడ్. మగాళ్ల జోలికి మాత్రం పోదు. వాళ్లకు హార్మోన్లుంటాయని పిన్నికి ఇంకా ఎవరూ చెప్పలేదు.

ఆదివారం పొద్దున్న ఆరున్నరకల్లా శాంపిల్ కుర్రాడు బండి మీద దిగుతాడు. నలుగురైతే రక్తపరీక్షల ప్యాకేజీ ధర తగ్గుతుంది కాబట్టి, పేకాటకు చెయ్యి తక్కువైనట్టు పిన్ని నాలుగో మనిషి కోసం తలుపులు కొడుతూ ఉంటుంది.

“నాకేం లేదు పిన్నీ, బాగానే ఉన్నాను.”

“ఆ మాట రిపోర్టు చెప్పాలమ్మా, నువ్వు కాదు.”

రెండో అంతస్తు సాఫ్ట్‌వేర్ అమ్మాయి అలాగే దొరికిపోయింది. నెలసరి రెండేసి నెలలకోసారి వస్తోందని నోరు జారింది. పిన్ని మర్నాడే ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్, ప్రొలాక్టిన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లన్నీ ఒకే సూదికి లాగించేసింది. ఆ పూట లిఫ్టు పనిచెయ్యలేదు. పిల్ల వాకింగ్ నుంచి వచ్చి, మెట్లెక్కి, రొప్పుతూ చెయ్యి చాపింది. సాయంత్రానికి ప్రొలాక్టిన్ హద్దు దాటింది, ప్రొజెస్టరాన్ పాతాళంలో ఉంది. “తల స్కాన్ తీయించాలమ్మా” అంది పిన్ని. ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరూ అన్నం తినలేదు.

డాక్టరమ్మ ముందు అంకెలు చూడలేదు. “నెలసరి మొదలైన ఎన్నో రోజున రక్తమిచ్చావు?” అని అడిగింది. మూడో రోజట. ఎఫ్ఎస్‌హెచ్, ఎల్‌హెచ్‌లకు ఆ రోజు సరిపోతుంది. రెండు నుంచి నాలుగో రోజు మధ్య తీసేది వాటినే. ప్రొజెస్టరాన్ అండం విడుదలయ్యాక గాని పెరగదు. తర్వాతి నెలసరికి ఓ వారం ముందు చూడాల్సింది. అందరూ 21వ రోజు అంటారు గాని, అది సరిగ్గా 28 రోజులకు నెలసరి వచ్చేవాళ్ల లెక్క. మూడో రోజున అది పాతాళంలోనే ఉండాలి! ఇక ప్రొలాక్టిన్ ఉందే, వ్యాయామానికి పెరుగుతుంది, ఆందోళనకు పెరుగుతుంది, కొన్ని వాంతుల మాత్రలకు పెరుగుతుంది, సూది చూసి బెదిరినా పెరుగుతుంది. కాసేపు కూర్చోబెట్టి మళ్లీ తీస్తే మామూలుగా వచ్చింది.

ఆ అమ్మాయికి పీసీఓడీ అవునా కాదా తేల్చింది కూడా ఒక్క రిపోర్టు కాదు. నెలసరి తప్పడం, మగ హార్మోన్ల జాడ, స్కాన్‌లో అండాశయాల తీరు, ఈ మూడింట్లో రెండు కనిపించాలి, అదీ థైరాయిడ్, ప్రొలాక్టిన్ గొడవలు లేవని చూసుకున్నాక. 2023లో వచ్చిన అంతర్జాతీయ మార్గదర్శకాలు స్కాన్ బదులు ఏఎంహెచ్ అనే రక్తపరీక్ష చూడొచ్చన్నాయి, కానీ పెద్దవాళ్లకే. కౌమారంలో ఉన్న పిల్లలకు ఆ రెండూ వద్దన్నాయి. పిన్నికి ఏఎంహెచ్ అంటే మహా ఇష్టం. జాతకంతో పాటు అదీ అడగాలని పెళ్లిళ్ల పేరయ్యకు సలహా ఇచ్చింది. ఐవీఎఫ్ మందులకు అండాశయం ఎలా స్పందిస్తుందో ఆ అంకె కొంత చెబుతుంది. మామూలుగా గర్భం వస్తుందా రాదా అన్నది చెప్పదు. పేరయ్య బతికిపోయాడు.

ఈ పరీక్షల పూర్వచరిత్ర పిన్నికి నేనే చెప్పకుండా ఉండాల్సింది. 1930లలో గర్భం తెలుసుకోవడానికి ఆడవాళ్ల మూత్రాన్ని ఆఫ్రికా కప్పకు సూదితో ఎక్కించేవాళ్లు. ఒక రోజులోపు గుడ్లు పెడితే శుభవార్త. తర్వాత రోసలిన్ యాలో, సాల్మన్ బెర్సన్ కలిసి రక్తంలో లేశమాత్రంగా ఉండే హార్మోన్లను కొలిచే పద్ధతి కనిపెట్టారు. దానికి యాలోకు 1977లో నోబెల్ వచ్చింది. బెర్సన్ అప్పటికే పోయారు. పిన్ని అంతా విని, “కప్పలైతే ఖర్చు తక్కువేమో కదమ్మా” అంది.

బ్యాంకు ఉద్యోగిని కేసు వేరు. టీఎస్‌హెచ్ బాగా కిందికి పడిపోయింది. “అతి థైరాయిడ్, గుండె దడొస్తుంది చూడు” అంది పిన్ని, పాపం ఆమెకు వెంటనే దడ వచ్చింది. తీరా చూస్తే జుట్టు కోసం రోజూ మింగే బయోటిన్ మాత్ర. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో అది పరీక్షనే మోసం చేసి, టీఎస్‌హెచ్‌ను లేనిపోని తక్కువగా, టీ4ను ఎక్కువగా చూపిస్తుంది. కొన్నాళ్లు ఆపి మళ్లీ చేయిస్తే రెండూ సరిగ్గానే ఉన్నాయి. ఆ మాత్ర చెప్పిందెవరు? ఇంకెవరు, పిన్నే.

ఇంత చేసిన మనిషి తన విషయానికొచ్చేసరికి ఘోరంగా అవమానపడింది. ఒంట్లో ఆవిర్లు, అర్ధరాత్రి చెమటలు, నెలసరి ఆగి ఏడాది దాటింది. ఎఫ్ఎస్‌హెచ్ రిపోర్టులు ఫైలులో పెట్టుకుని వెళ్లింది, ఒకదానికొకటి పొంతన లేకుండా. డాక్టరమ్మ ఫైలు మూసేసింది. “45 దాటి ఈ లక్షణాలుంటే రక్తపరీక్ష అక్కర్లేదమ్మా. ఆ వయసులో ఎఫ్ఎస్‌హెచ్ ఇవాళ ఒకలా, వచ్చే నెల ఇంకోలా ఉంటుంది. 12 నెలలు నెలసరి రాలేదంటే మెనోపాజే. ఇకమీదట ఎప్పుడైనా రక్తం కనిపిస్తే మాత్రం ఆగకుండా రండి.” ఆవిర్లకు మందు రాసింది, పరీక్ష రాయలేదు. “ఒక్క టెస్టు కూడా రాయలేదంటే ఇదేం డాక్టరే!” అని పిన్ని డాలస్‌లో ఉన్న కూతురికి ఫోన్ చేసి మరీ వాపోయింది. కూతురు అక్కడ దొరికే లాలాజల హార్మోన్ కిట్ పంపుతానంది. మెనోపాజ్ మందుల మోతాదు తేల్చడానికి ఆ కిట్లను అక్కడి స్త్రీవైద్య సంఘాలే సిఫారసు చెయ్యవు. పంపొద్దమ్మా అని నేనే బతిమాలుకున్నాను.

అయినా పిన్నిని ఎవరైనా ఒక్క మాటన్నా నేను ఊరుకోను. వాచ్‌మన్ భార్య మే నెల ఎండల్లో దుప్పటి కప్పుకుని కూర్చుంటే, మొహం ఉబ్బి మాట ముద్దగా వస్తుంటే, మేమంతా బద్ధకం అనుకుంటూ ఆమె పక్కనుంచే కారు తీసేవాళ్లం. ఆగి, “నెలసరి ఎలా వస్తోందే? మలబద్ధకం ఉందా?” అని అడిగింది పిన్ని ఒక్కతే. ప్యాకేజీలో ఇరికించడానికి అక్కడ డబ్బుల్లేవు, తన పర్సులోంచే తియ్యాలి. అందుకని ఒక్క టీఎస్‌హెచ్‌తో సరిపెట్టింది. నిజానికి థైరాయిడ్ అనుమానమొస్తే డాక్టర్లు సాధారణంగా మొదలుపెట్టేది దానితోనే. పైహద్దు 4కు అటూఇటూ ఉండే ఆ అంకె 40 దాటింది. తర్వాత టీ4 చూశారు, పరగడుపున వేసుకునే మాత్ర మొదలుపెట్టారు, ఆరు నుంచి ఎనిమిది వారాలకు మళ్లీ పరీక్షకు రమ్మన్నారు. ఆ తేదీ వాచ్‌మన్ మర్చిపోయాడు, పిన్ని మర్చిపోలేదు.

మీ అంతస్తుకూ ఒక పిన్ని వస్తుంది. కసురుకోకండి, కాఫీ ఇవ్వండి. కానీ చెయ్యి చాపే ముందు కిందటి నెలసరి తేదీ, వాడుతున్న మాత్రల పేర్లు ఒక చీటీ మీద రాసుకుని ఒక్కసారి డాక్టరుకు చూపించండి. ఏ పరీక్ష ఏ రోజున చెయ్యాలో ఆ చీటీ చూసే చెబుతారు.