దయచేసి ముట్టుకోవద్దు

మా ఆవిడ గవర్నమెంటు బళ్ళో లెక్కల టీచరు. పెళ్ళికి ముందెప్పుడో డీఎస్సీ ఒక్కసారి రాసింది, ఇన్నాళ్ళూ ఆ ఒక్క పరీక్ష మీదే దర్జాగా బతికింది. నేను సాఫ్ట్‌వేరు. ఏడాది తిరిగేసరికి ఏదో ఒక పరీక్షకి డబ్బు కట్టకపోతే నాకు అన్నం సహించదు. 98 డీఎస్సీలో అర్హత వచ్చీ ఉద్యోగం రానివాళ్ళకు 2022లో ఆంధ్రా ప్రభుత్వం సరేనంది. ఆ వార్త చదివి ఈవిడ, "ఇరవై నాలుగేళ్ళ తర్వాత బడికెళ్ళినా పన్నెండో ఎక్కం పన్నెండో ఎక్కమేనండీ. మీ దాంట్లో అలా కుదురుతుందా?" అంది. కుదరదు. అమీర్‌పేట మైత్రీవనం పక్క సందులో, ఫ్యాను తిరగని గదిలో నేను నేర్చుకున్న విజువల్ బేసిక్‌కి ఎప్పుడో తద్దినాలు కూడా పెట్టేశారు.

2025 జులైలో టీసీఎస్ తన సిబ్బందిలో రెండు శాతం మందిని, అంటే పన్నెండు వేల పైచిలుకు జనాన్ని తగ్గిస్తానంది. ఎక్కువమంది మధ్య, పై స్థాయిల వాళ్ళేనని కూడా చెప్పింది. మాది ఆ కంపెనీ కాదు. అయినా ఆ రాత్రి లేచి కూర్చుని రెజ్యూమెలోంచి డిగ్రీ పాసైన సంవత్సరం తీసేశాను. పాతికేళ్ళ అనుభవాన్ని 'పదిహేనేళ్ళకు పైగా' అని కుదించాను. అబద్ధమేం కాదు, పైగానే కదా. రోజూ పొద్దున కాఫీకి ముందు నౌకరీ ప్రొఫైల్లో ఒక వాక్యం చివర చుక్క పెడతాను, మర్నాడు తీసేస్తాను. ఆ మాత్రానికే 'ఈరోజు అప్‌డేట్ చేశారు' అని చూపిస్తుంది. జుట్టు రంగు సంగతి చెప్పను. వీడియో ఇంటర్వ్యూలో కనపడే మేరకే వేస్తాను.

క్లౌడ్ సర్టిఫికేషన్ పరీక్ష ఇంట్లోనే రాయొచ్చన్నారు. గదిలో ఇంకో మనిషి ఉండకూడదు, వాచీ ఉండకూడదు, ప్రశ్న చదువుతూ పెదవులు కదపకూడదు. నాలుగు గోడలూ, బల్ల కిందా కెమెరాతో చూపించమన్నారు. బల్ల కింద వాసెన కట్టిన ఆవకాయ జాడీ ఉంది. అదేమిటని ఎవరో చాట్‌లో అడిగారు. 'పికిల్' అని కొట్టాను. తెరిచి చూపించమన్నారు. వాసెన విప్పి, వంగి, లాప్‌టాప్‌ని జాడీ మీదికి వంచాను. అటువైపు కాసేపు నిశ్శబ్దం. తర్వాత, మొదలుపెట్టొచ్చన్నారు.

సగం ప్రశ్నలయ్యాయో లేదో, తలుపు తెరుచుకుంది. అమ్మ, చేతిలో గరిటె. ఆవకాయ పెట్టి ఆ రోజుకి మూడో రోజు, తిరగకలపాలి. నేను పెదవి కదపకుండా కళ్ళతో బతిమాలాను. "నీ పని నువ్వు చూసుకో నాయనా, నేను అడ్డం రాను" అంటూ బల్ల కిందికి దూరింది. అక్కడే ఆగినా కొంత పరువు దక్కేది. "వాసెన ఎవర్రా విప్పింది? తడి చెయ్యిగానీ పెట్టావా దాంట్లో?" అని గట్టిగా అడిగింది. తెర మీద పరీక్ష రద్దయిందన్న సందేశం వచ్చేసింది. ఫీజు వెనక్కి రాదు. ఆవకాయకి మాత్రం ఏమీ కాలేదు.

ఆ మధ్య నాకొక మంచి రోజు వచ్చింది. 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు, రిటైర్మెంటుకి అయిదేళ్ళకు మించి ఉన్న టీచర్లు కూడా రెండేళ్ళలో టెట్ పాసవ్వాలంది. భోజనాల బల్లకి ఒకవైపు నా క్లౌడ్ పాఠాల కంటైనర్లు, ఇంకోవైపు ఆవిడ 'శిశు వికాసం, పెడగాజి'. పెంచిన శిశువు బీటెక్‌లో ఉండగా ఈవిడ శిశు వికాసం చదువుకుంటుంటే నాకెంత హాయిగా ఉండేదో! ఆ హాయి ఫలితాలొచ్చేదాకానే. మొదటిసారికే పాసైంది.

అసలు విషయం ఏమిటంటే, ఈ సర్టిఫికెట్లలో ఏదీ మా ఇంటి ఈఎంఐ ఒక్కటి కూడా కట్టలేదు. కడుతున్నది కోబాల్. 1959లో, మా అమ్మ పలక పట్టుకుని బడికెళ్ళే రోజుల్లో పుట్టిన భాష. సంవత్సరాన్ని రెండంకెల్లో దాచుకున్న పాత ప్రోగ్రాములు 2000 వస్తే ఏమైపోతాయోనన్న భయంతో మాలాంటివాళ్ళని బస్తాల్లెక్కన తీసుకున్నారు. ఆ భయం పోయింది, ప్రోగ్రాములు పోలేదు, వాటితో పాటు నేనూ మిగిలిపోయాను. దాన్ని రెజ్యూమెలో అట్టడుగున, అభిరుచుల పక్కన పెడతాను. అమెరికాలో రాత్రి బ్యాచ్ పడిపోతే ఇక్కడ టిఫిన్ వేళకి ఫోను మోగుతుంది. అంకె ఉండాల్సినచోట ఖాళీ ఉంటే వచ్చే ఎర్రరు ఒకటుంది. వంటింట్లోంచి ఆవిడే అడుగుతుంది, "మళ్ళీ సాక్ సెవెనా? దోసె ఆపనా?" 2020 ఏప్రిల్‌లో నిరుద్యోగ భృతి దరఖాస్తులు ముంచెత్తినప్పుడు న్యూజెర్సీ గవర్నరు ఫిల్ మర్ఫీ, కోబాల్ తెలిసినవాళ్ళు స్వచ్ఛందంగా రండని పిలిచాడు. నేను ఛాతీ విరుచుకుని ఆవిడకి చూపించాను. "స్వచ్ఛందంగా అంటే జీతం లేకుండానా?" అంది.

ఈ ఉద్యోగం నాకు అప్పజెప్పినాయన హార్ట్‌ఫర్డ్‌లో ఉండేవాడు. బీమా కంపెనీల ఊరు. 2003 చలికాలం, కేటీ, అంటే తన పని ఇంకొకరికి నేర్పి అప్పజెప్పడం, పూర్తిచేస్తేనే ఆయనకి ఆఖరి సొమ్ము ఇస్తారట. తన పని ఎత్తుకుపోవడానికొచ్చిన నాకు రోజూ కాఫీ తనే తెచ్చిచ్చి, ప్రోగ్రాములన్నీ వరసగా విప్పిచెప్పాడు. ప్రీమియం లెక్కలో ఒక పేరా దగ్గర మాత్రం ఆగి, దీని జోలికి వెళ్ళకు అని నవ్వాడు. ఎందుకని అడిగే ఇంగ్లీషు ఆ రోజుల్లో నా దగ్గర లేదు. ఏడో కాలమ్‌లో స్టార్ పెట్టి, 'దయచేసి ముట్టుకోవద్దు' అని ఇంగ్లీషులో కామెంటు రాసి, కింద నా పేరు పెట్టుకున్నాను.

ఇప్పుడు ఆ కోడంతా జావాలోకి మార్చే పని ఏఐకి ఇచ్చారు. దానికి కేటీ ఇవ్వాల్సింది నేను. అలవోకగా వేల లైన్లు నమిలేసింది, ఆ పేరా దగ్గర ఆగింది. దీని ఉద్దేశం ఏమిటి, కామెంటు రాసిన వ్యక్తిని సంప్రదించండి అంది. మా అబ్బాయికంటే నాలుగైదేళ్ళు పెద్దవాడు మా మేనేజరు, "సర్, ఇది మీ పేరే కదా?" అన్నాడు. మ్యూట్ నొక్కాను. పక్కనే పేపర్లు దిద్దుతున్న ఆవిడ తలెత్తకుండానే, "తెలియదా? ఖాళీ వదిలెయ్యకండి. టెట్‌లో నెగటివ్ మార్కుల్లేవు" అంది.

మ్యూట్ తీసి, "దాని వెనకాల చాలా బిజినెస్ లాజిక్ ఉంది సర్. ఆడిట్ వాళ్ళతో కూడా కూర్చోవాలి. మార్చి దాకా పడుతుంది" అన్నాను.

మేనేజరు మార్చి అని రాసుకున్నాడు.